ట్రెగెన్నో గనిలో నీళ్ళు తోడిన సెనారా

సెనారా ఒక చోట స్థిమితంగా కూర్చోగా చూసినవాళ్ళు ట్రెగెన్నోలో ఎవరూ లేరు. అన్నం వేళకు అందరూ బల్ల చుట్టూ చేరితే, ఆమె ఉప్పు చేప ఒక చేత్తో, బార్లీ రొట్టె ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి తినేది. చర్చిలో పాదిరి ప్రసంగం మొదలుపెడితే వెనక గోడ వారన అటూ ఇటూ తచ్చాడేది. "ఆ పిల్లకి అరికాళ్ళలో చీమలున్నాయి" అని తల్లి అందరితోనూ చెప్పుకునేది, ముందు నవ్వుతూ, తర్వాత తర్వాత విసుగ్గా.

తండ్రి నొవెల్ తగరపు గనిమీద గుర్రపు మోట తోలేవాడు. సముద్రం మీదికి తొంగిచూస్తున్నట్టుండే కొండ అంచున గని బావి. దాని పక్కన నిలువు దూలం, దానికో అడ్డ దూలం, అడ్డ దూలానికి గుర్రం. గుర్రం చుట్టూ తిరిగినంతసేపూ మోకు చుట్టుకుంటూ, అడుగునుంచి ఇనప పట్టీల బాన నీళ్ళతో పైకొచ్చేది, రెండో బాన ఖాళీగా దిగేది. మోట ఆగిందంటే ఎక్కడో చీకట్లో, టోపీకి కొవ్వొత్తి అంటించుకుని తగరం కొడుతున్న మగవాళ్ళ చీలమండలకు నీళ్ళు తగులుతాయి. అందుకని వాన వచ్చినా పండగ వచ్చినా మోట ఆగేది కాదు.

నొవెల్‌కు ఉబ్బసం ముదిరి మంచాన పడితే, సెనారా ఎవరినీ అడక్కుండా వెళ్ళి గుర్రం కళ్ళెం పట్టుకుంది. గని మేస్త్రీ జేకా పరుగెత్తుకొచ్చాడు.

"ఇదేంటి? ఆడపిల్ల మోట తోలడమేంటి? పోయి ఆ షెడ్డు కింద రాళ్ళు కొట్టుకో, మిగతా ఆడాళ్ళతోబాటు."

"గుర్రం కూడా ఆడదే బాబాయ్. దాన్ని కూడా రాళ్ళు కొట్టమంటావా?"

షెడ్డులో ఆడవాళ్ళు సుత్తులు వదిలేసి మరీ నవ్వారు. జేకా కళ్ళెం అందుకోబోయాడు. గ్వెన్ అనే ఆ తెల్ల గుర్రం అప్పటికే ఆమె వెనక నడవడం మొదలుపెట్టింది కూడా. అలా సెనారా మోట తోలే మనిషి అయింది.

ఆ పని ఆమె కోసమే పుట్టినట్టుండేది. పొద్దున్నించీ నడకే. కానీ నడిచి ఎక్కడికీ చేరేది కాదు. వలయం చుట్టూ నేల అరిగి గాడిలా పడింది. సముద్రం వైపు తిరిగినప్పుడల్లా దూరాన తూర్పు దేశాల ఓడలు పొగ వదులుతూ పోతూ కనిపించేవి. అవి కోరంగి నుంచీ, కాంటన్ నుంచీ ఫాల్మత్ రేవుకు తగరం కోసం, ఉన్ని కోసం వస్తాయని తెలుసు. ఆ పొగను చూస్తూ అడుగు తడబడేది. అంతలో గుర్రం మళ్ళీ కొండ వైపు తిప్పేసేది.

పెళ్ళాడింది పాస్కోను. కింద తగరం కొట్టేవాడు. మాట మెల్లగా, నడక మెల్లగా, కోపం అంతకన్నా మెల్లగా. "నిన్ను పెళ్ళాడినట్టు లేదే, పడమటి గాలిని పెళ్ళాడినట్టుంది. తలుపేస్తే గానీ ఇంట్లో ఉండవు" అనేవాడు. ఆమె నవ్వేది కానీ, మగడు గనిలో దిగిన రోజున ఆమెకు నవ్వు పైపైనే. తన వంతు తను తోలితే ఫరవాలేదు. వంతు మారి రెండో మోటవాడు ఉరిన్ వచ్చాడంటే మాత్రం ఇంట్లో కాలు నిలిచేది కాదు. పిండి కలుపుతూ కలుపుతూ చేతులు కడుక్కోకుండా కొండెక్కేది.

"ఏం వదినా, మళ్ళీ వచ్చావా?" అనేవాడు ఉరిన్, దూలానికి వీపు ఆనించి.

"నువ్వు కునుకు తీస్తున్నావేమోనని."

"నేనెక్కడ? గుర్రమే జోగుతోంది."

"అయితే దాన్ని పడుకోమను. నువ్వు దూలానికి కట్టుకో."

ఉరిన్ చెడ్డవాడు కాదు, నిద్రమొహం అంతే. ఆ సంగతి తెలిసీ ఆమె మనసు కుదుటపడేది కాదు. బావి అంచున వంగి, కింద బాన నీళ్ళలో పడిన చప్పుడు వినేది. ఆ చప్పుడు తొందరగా వినబడితే నీళ్ళు పెరిగాయని అర్థం. ఏటికేడూ ఊట పెరుగుతోంది. తగరం పైనంతా అయిపోయి, ఇంకా ఇంకా లోతుకు పోతున్నారు. గని ప్రభువుగారిది. ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయన దివాను మాత్రం గుర్రం దిగకుండానే "ఇంకాస్త లోతు, ఇంకాస్త" అని చెప్పి పోయేవాడు.

క్రీస్తు శకం పంతొమ్మిది వందలు దాటి ఇరవై ఏళ్ళయిన ఆ చలికాలం, ఆమె తమ్ముడు పెరన్ పని దిగి ఇంటికి వస్తూనే చేతులు చూపించాడు. తడిగా ఉన్నాయి.

"బండకి చెమట పడుతోందే అక్కా. పడమటి గోడకి. ఆ వెనకాల తాతల నాటి పాత గని ఉందంటారుగా, నిండా నీళ్ళే అంటారు."

"జేకా బాబాయ్‌తో చెప్పావా?"

"చెప్పా. ఆయన దివానుతో చెప్పాడట. తగరం చార అటే పోతోంది, అటే కొట్టండన్నాడట దివాను."

"రేపు నువ్వు దిగకు."

"నేను దిగకపోతే ఇంకోడు దిగుతాడు. వాడికి అక్క లేదా?" అని నవ్వి, ఆమె చేతిలోని రొట్టె లాక్కుని వెళ్ళిపోయాడు.

గోడ ఆ వారంలోనే పగిలింది. మధ్యాహ్నం పూట, సెనారా వంతులోనే. ముందు బావిలోంచి గాలి పైకి తన్నింది. ఆమె తలగుడ్డ ఎగిరిపోయింది. తర్వాత భూమి లోపల బండి దొర్లినట్టు చప్పుడు. ఏమైందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గ్వెన్‌ను ఒక్క అదిలింపు అదిలించింది. అంతకు ముందెప్పుడూ కొట్టని గుర్రాన్ని కొట్టింది. బానలు పైకొస్తుంటే నీళ్ళతో బాటు మనుషులూ వచ్చారు, అంచులు పట్టుకుని, మోకుకు వేలాడుతూ. నిచ్చెనల మీంచి కొందరు పాక్కుంటూ వచ్చారు. గ్వెన్ నోట నురగ వచ్చింది. ముందు కాళ్ళు మడిచి పడింది. మళ్ళీ లేవలేదు.

"రండే! దూలం పట్టండే!" అని అరిచింది సెనారా.

రాళ్ళు కొట్టే ఆడవాళ్ళంతా వచ్చి దూలానికి భుజాలు ఆనించారు. చచ్చిన గుర్రాన్ని దాటుకుంటూ తిరిగారు. ఏదో ఒక చుట్టులో తన పక్కన తడిసిన భుజం ఒకటి తగిలితే తల తిప్పింది. పాస్కో. నిచ్చెన ఎక్కి వచ్చి, ఊపిరి కూడా తీసుకోకుండా దూలం పట్టాడు. ఆమె ఒక్క మాటే అడిగింది.

"పెరన్?"

పాస్కో తల అడ్డంగా ఊపి, తోశాడు. ఆమె కూడా తోసింది. చీకటి పడేలోగా బాన చప్పుడు మునుపెన్నడూ లేనంత తొందరగా వినబడింది. జేకా వచ్చి చాలు చాలన్నా ఆమె దూలం వదలకపోతే, ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. పెరన్‌తో కలిపి అయిదుగురు పైకి రాలేదు.

దివాను వచ్చి, ఈసారి గుర్రం దిగి, గని మూసేశానని చెప్పి పోయాడు. పాస్కో పలుగు అమ్మేసి చేపల పడవలో చేరాడు. "ఇంక భూమిలోకి తల పెట్టను" అన్నాడు. మిగతావాళ్ళు కూడా వలలు అల్లుకున్నారు, పొలాలు దున్నుకున్నారు. ఊరు మెల్లగా సర్దుకుంది. సర్దుకోనిది సెనారా ఒక్కతే. పొద్దున లేస్తే కొండెక్కి ఖాళీ వలయంలో నాలుగు చుట్లు తిరిగి వచ్చేది. బావిలో గులకరాళ్ళు వేసేది. మునుపటికన్నా ఎంతో ముందే నీళ్ళ చప్పుడు. ఆ నీళ్ళ కింద అయిదుగురు, పాదిరి మాట లేకుండా, మట్టి లేకుండా.

ఎండలు ముదిరాక ఒకనాడు, ఉప్పు చేపలు అమ్ముకొస్తానని బుట్ట నెత్తిన పెట్టుకుని ఫాల్మత్ రేవుకు నడిచింది. రేవులో కోరంగి ఓడ ఒకటి ఉంది. దాని పక్కనుంచి ఆగకుండా నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆమె బుట్ట దించడం మరిచిపోయి చూస్తూ నిలబడింది. గట్టుమీద నూనె మరకల పంచె కట్టుకున్న మనిషి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఓడలో నిప్పుయంత్రం చూసుకునేవాడు. పేరు అప్పలకొండ. ఏటేటా వచ్చిపోతూ ఉండేవాడు కాబట్టి సెనారా వాళ్ళ మాట వచ్చీరానట్టు వచ్చు.

"ఆ నీళ్ళు ఎవరు తోడుతున్నారు?" అని అడిగింది.

"ఎవరూ లేదు. నిప్పు తోడుతుంది."

"దానికి నిద్ర రాదా?"

"నిద్ర రాదు. ఆకలి మాత్రం చాలా. బొగ్గు తింటుంది, మా అత్త లాగా, ఎప్పుడూ."

సెనారాకు నవ్వు వచ్చింది, ఆ చలికాలం తర్వాత మొదటిసారి. అతడు ఓడలోకి తీసుకెళ్ళి చూపించాడు. వేడి, నూనె వాసన, ముందుకూ వెనక్కూ ఊగే ఇనప చెయ్యి. పైన డెక్కు మీద సరుకు ఎత్తే ఆవిరి రాట్నం, దానికి చుట్టిన లావుపాటి మోకు. ఆమె ఆ మోకును చేత్తో నిమిరింది.

"మీ దేశంలో కూడా ఎవరో చేశాడంట కదా ఇలాంటిది? మా తాతల కన్నా ముందే? మా సరంగు చెప్పాడు" అన్నాడు అప్పలకొండ. "ఏమైంది?"

"కాల్చేశారు."

"యంత్రమా?"

"కొట్టాన్ని. కమ్మరి లోపలే ఉన్నాడు."

అతడు చేతిలోని కాయ ఒలవడం ఆపేశాడు. ఆ కథ అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. డెవన్ కమ్మరి ఒకడు నిప్పుతో నీళ్ళు తోడించాడు. మోట తోలేవాళ్ళు, చక్రాలు చేసేవాళ్ళు, బిషప్పుగారు, అందరూ ఒక్కటయ్యారు. నిప్పు చేత చాకిరీ చేయించే యంత్రం రాజుగారి నేల మీద ఉండరాదని శాసనం వచ్చింది. ఆ తర్వాత ఇంకెవరూ ప్రయత్నించలేదు. తూర్పువాళ్ళ ఓడలు పొగ వదులుతూ వచ్చి, వాళ్ళ రేవుల్లో సరుకెత్తుకుని, పొగ వదులుతూ పోయేవి.

ఇంటికి వచ్చినప్పటినుంచీ సెనారాకు ఆ యంత్రంతో గని తోడించి అయిదుగురినీ పైకి తేవాలన్నదే ధ్యాస. దివాను దగ్గరికి వెళ్ళింది. బంట్లు గేటు దాటనివ్వలేదు. పాదిరి దగ్గరికి వెళ్ళింది. ఆయన చెవులు మూసుకున్నాడు. రాత్రీ పగలూ అదే మాట విని విని పాస్కోకు విసుగొచ్చింది.

"నేల మీద వద్దన్నారు కదే! ఎన్నిసార్లు చెప్పాలి? పోనీ, పోయి సముద్రంలో పెట్టుకో!"

ఆమె నడక ఆపింది. పాస్కో భయపడ్డాడు. ఆమె అలా కదలకుండా నిలబడటం అతడెప్పుడూ చూడలేదు.

"ఏంటే?"

"కొండ కింద సొరంగం ఉందిగా. గని నీళ్ళు కొంత సముద్రంలోకి పోయేది. దాని ముందు ఓడ నిలబడుతుంది. మోకు సొరంగంలోంచి వస్తే..."

"సెనారా, నేను ఊరికే అన్నానే."

"నువ్వు ఊరికే అన్నదే బాగుంది" అంటూ ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

సరంగు ఒప్పుకోవడానికి పెద్దగా బతిమాలాల్సిన పని లేకపోయింది. ట్రెగెన్నో తగరం రాక అతడి ఓడ సగం ఖాళీగా ఉంది. కొట్టిన ఖనిజం గని అడుగున గుట్టలుగా పడి ఉందని తెలిశాక అతడే తొందరపడ్డాడు. గాలి లేని రోజు చూసి కొండ కింద చిన్న రేవులోకి ఓడ తెచ్చి నాలుగు లంగర్లు దించారు. ఓడ మీది రాట్నం నుంచి మోకు సొరంగంలోకి, అక్కణ్ణుంచి బావిలో కట్టిన గిలక మీదికి. నేల మీద ఉన్నది మోకు, గిలక, బానలు. వాటిని ఏ శాసనమూ వద్దనలేదు.

ఊరంతా కొండ మీద చేరింది. పాదిరి మంత్రజలం పట్టుకుని అంచున నిలబడ్డాడు. ఓడ కూత వేసింది. మోకు బిగిసింది. ఇద్దరు మనుషులు దూరేంత బాన ఒకటి నీళ్ళతో ఎగిరి వచ్చి, సొరంగంలోకి బోర్లపడి, సముద్రంలో కలిసింది. మళ్ళీ ఇంకోటి. మళ్ళీ ఇంకోటి. గుర్రం లేదు, దూలం లేదు.

"దీనికి అలుపన్నదే రాదేంట్రా బాబూ" అన్నాడు ఉరిన్, నోరు తెరుచుకుని.

"నిన్ను పనిలోంచి తీసేశారు పో" అన్నారెవరో.

"నన్ను ఎప్పుడో తీసెయ్యాల్సింది" అన్నాడు ఉరిన్. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

నీళ్ళు రోజురోజుకీ దిగాయి. సెనారా సొరంగం నోటి దగ్గర, మోకు పక్కనే తిరుగుతూ ఉండేది. చేయడానికి ఆమెకు పనేమీ లేదు, అదే ఆమెను తినేసింది. అప్పలకొండ ఓడ మీంచి చేయి ఊపి "కూర్చో, కూర్చో" అని అరిచేవాడు. ఆమె కూర్చునేది కాదు.

పడమటి గోడ దాకా నీళ్ళు తగ్గిన రోజున, భూమిలోకి తల పెట్టనన్న పాస్కోయే ముందు దిగాడు. చాలాసేపటికి పైకొచ్చాడు. మొహం కడుక్కుని, టోపీ తీసి, ఆమెను పక్కకు పిలిచాడు.

"దొరికారు. అయిదుగురూ ఒకే చోట."

"ఎక్కడ?"

"పైకి కొట్టి వదిలేసిన గూడు ఉందే, గోడకి ఎడమ పక్క. అందులో. నీళ్ళు అక్కడిదాకా ఎక్కలేదు. గాలి నిలిచినట్టుంది."

ఆమె అతడి మొహంలోకి చూసింది. పాస్కోకు అబద్ధం చెప్పడం చేతకాదు. అయినా ప్రయత్నించి, మానేశాడు.

"కొవ్వొత్తులు ఒక్కటీ లేవు సెనారా. సంచులు ఖాళీ. కొవ్వొత్తులు కూడా తిన్నట్టున్నారు. గోడ మీద పలుగుతో కొట్టిన గంట్లు ఉన్నాయి, మన వైపుకి."

ఆమె కొండ దిగి, సముద్రం ఒడ్డున ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది, మళ్ళీ ఆ చివరికి. తను గులకరాళ్ళు విసిరిన రోజులు గుర్తొచ్చాయి. మొదట్లో, గని మూసిన కొత్తలో, ఇంకా బతికి ఉన్నారేమో. ఆ ఓడ అప్పుడే ఫాల్మత్‌లో ఉందేమో. పాస్కో ఆమెను ఆపలేదు. వెనకాలే, తన పద్ధతిలో మెల్లగా నడిచాడు.

అయిదుగురినీ చర్చి నేలలో పూడ్చారు. పాదిరి మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. నిప్పుయంత్రం ఊసు ఎత్తలేదు. ఊళ్ళో చాలామంది ఆయన ఇక వదిలేశాడనే అనుకున్నారు.

మట్టి ఆరకముందే, పాదిరి కబురు అందుకున్న దివాను బంట్లతో వచ్చాడు. సొరంగంలో మోకును గొడ్డళ్ళతో నరికించాడు. "ఓడ నేల మీద లేదు అయ్యగారూ" అని సెనారా అడ్డం వెళ్ళింది.

"మోకు నేల మీద ఉందిగా. మోకుని లాగేది నిప్పేగా?"

"ఓడలోకి మీ తగరాన్ని లాగేదీ నిప్పేగా అయ్యగారూ?"

దివాను మొహం ఎర్రబడింది. జవాబు చెప్పాల్సిన అవసరం అతడికి లేదు.

ఓడ లంగరు ఎత్తేముందు అప్పలకొండ పడవలో ఒడ్డుకు వచ్చాడు.

"మా ఊరు వచ్చెయ్. నీ మొగుడు కూడా. పని ఉంది."

"మీ దగ్గర గనులున్నాయా?"

"చాలా."

"నీళ్ళు?"

"యంత్రాలు తోడతాయి."

"మరి నేనక్కడికొచ్చి ఏం చెయ్యను?" అంది సెనారా. అతడికి ఆ మాట సగమే అర్థమైంది. జేబులోని వేరుశనక్కాయలు ఆమె చేతిలో పోసి వెళ్ళిపోయాడు.

గని మళ్ళీ నిండింది. ఆమెకు శిక్ష పడింది. తెల్ల దుప్పటి కప్పుకుని, చెప్పుల్లేకుండా, వెలిగించిన కొవ్వొత్తితో లెంట్ ఉపవాసాల కాలమంతా ఆదివారాలు చర్చి గుమ్మంలో నిలబడాలి. ఆమె నిలబడలేకపోయింది. దుప్పటి ఈడ్చుకుంటూ గుమ్మానికి ఈ కమ్మి నుంచి ఆ కమ్మికి తిరిగింది.

"కదలకుండా నిలబడు తల్లీ, చూస్తున్నారు" అన్నాడు పాదిరి గుసగుసగా.

"నేను నిలబడే ఉన్నాను స్వామీ. కాళ్ళు వినడం లేదు."

లోపలికి పోయేవాళ్ళు ఆమెను చూసి ముఖం తిప్పుకుంటారనుకున్నారు దివాను మనుషులు. పూడ్చిన అయిదుగురి ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే ఆమె భుజం తాకి లోపలికి పోయారు.

ఆ తర్వాత సెనారా ఒక పొట్టి గుర్రాన్ని సంపాదించి, రేవు నుంచి ఊళ్ళకు ఉప్పు, చేపలు మోసే పని పెట్టుకుంది. ఈసారి దారి వలయం కాదు. బీడు నేలల మీదుగా ఎక్కడెక్కడికో పోయి వచ్చేది. ఏ ఊళ్ళో గని ఉన్నా ఆగి, బాన చప్పుడు విని, మేస్త్రీలతో దెబ్బలాడి వచ్చేది. కొందరు ఆమెను చూసి తలుపులు వేసుకునేవాళ్ళు. ఏడాదికోసారి ప్రభువుగారి కచేరీకి వెళ్ళి, గనుల్లో నీళ్ళు తోడే యంత్రానికి సెలవిప్పించండని అడిగేది. దివాను బతికున్నన్నాళ్ళూ గేటు దగ్గరే వెనక్కి పంపించారు. జుట్టు నెరిసింది, మోకాలు పట్టేసింది. అయినా వెళ్ళేది.

దివాను పోయి, అతడి స్థానంలో కొత్తవాడొచ్చాడు. నడివయసు మనిషి, కళ్ళజోడు. ఆ ఏడు ఆమెను లోపలికి పిలిచారు. సాయంత్రానికి ఇల్లు చేరేసరికి పాస్కో వల బాగుచేసుకుంటున్నాడు.

"ఒప్పుకున్నాడా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"లేదు."

"ఇంకేం మరి. అన్నం తిను."

"అది ఎంత బొగ్గు తింటుందని అడిగాడు."

పాస్కో వల పక్కన పెట్టాడు. "అడిగితే?"

"ఏమీ లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు." ఆమె గుమ్మంలో నిలబడి చెప్పుకుపోయింది. వేల్స్ బొగ్గు సంగతి అడిగాడట, మోకు తెగితే ఏమవుతుందని అడిగాడట, ఎవరైనా కాలిపోతారా అని అడిగాడట. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయాడట, తిరిగి రాలేదట. అంతసేపూ తను నిలబడే ఉందట. "వచ్చే ఏడు ముందుగానే వెళ్తాను" అంది.

వచ్చే ఏటికి ఆమె మంచం మీద ఉంది, ఊపిరితిత్తుల్లో నెమ్ముతో, తండ్రి లాగే ఎగరొప్పుతూ. పాస్కో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉన్నాడు. దుప్పటి కింద పాదాలు కదులుతూనే ఉన్నాయని, ఆగాక గానీ తనకు తెలియలేదని, అతడు తర్వాత ఉరిన్‌తో చెప్పాడు. ఆ శాసనం మాత్రం ఇంకా అలాగే ఉంది.